తెలుగు, ఒడియా బిల్లింగ్ ప్రోగ్రాం విండోస్, మ్యాక్, ఉబుంటు మూడింటి మీదా నడవాలి: ఏ ఫ్రేమ్‌వర్క్?

రాయగడ_బిల్లు:

అందరికీ నమస్కారం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి బట్టల కొట్లలో వాడే బిల్లింగ్, స్టాకు ప్రోగ్రాంను తిరగరాయాలి. ఇప్పుడున్నది సీ షార్ప్ భాషలో, విన్‌ఫామ్స్ (విండోస్ తెరలు కట్టే కిట్), డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద రాసింది. డేటా ఎస్‌క్యూలైట్‌లో ఉంటుంది. విండోస్ వరకు ఏ పేచీ లేదు. ఈమధ్య ఒక కొట్టులో ఎం1 మ్యాక్ మినీ దిగింది, ఇంకో కొట్టులో ఉబుంటు 22.04 వేశారు.

మొత్తం 14 మిషన్లు: విండోస్ 10 తొమ్మిది, విండోస్ 7 మూడు (4 జీబీ ర్యామ్, ఇప్పట్లో మార్చరు), మ్యాక్ ఒకటి, ఉబుంటు ఒకటి. ప్రింటర్లు 58, 80 మిల్లీమీటర్ల థర్మల్‌వి. ఒకే బిల్లులో కొట్టు పేరు ఒడియాలో, సరుకు పేరు తెలుగులో, జీఎస్టీ వివరాలు ఇంగ్లీషులో రావాలి. నెట్ లేకపోయినా నడవాలి. కరెంటు పోతే అప్పటిదాకా కొట్టిన బిల్లులు మిగలాలి.

ఒకే కోడుతో వేర్వేరు ఓఎస్‌లకి ప్రోగ్రాం కట్టే ఫ్రేమ్‌వర్కులు క్యూట్, మావి, అవలోనియా, ఫ్లట్టర్, ఎలక్ట్రాన్, టౌరీ ఇవన్నీ పైపైన చూశాను. ఏది పట్టుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాను?


పర్లాకిమిడి_మాస్టారు:

ముందు ఆ మూడు విండోస్ 7 మిషన్ల సంగతి తేల్చు తమ్ముడూ. నీ జాబితాలో సగం అక్కడే రాలిపోతాయి.

మావి విండోస్‌లో విన్‌యూఐ 3 అనే మైక్రోసాఫ్ట్ తెరల లైబ్రరీ మీద ఆధారపడుతుంది, దానికి విండోస్ 10లో 1809 వెర్షన్ అయినా కావాలి. పైగా లైనక్స్‌కి అధికారికంగా లేనే లేదు. మ్యాక్‌లో కూడా క్యాటలిస్ట్ దారిన వెళ్తుంది, అంటే ఐప్యాడ్ యాప్‌కి మ్యాక్ చొక్కా తొడిగినట్టు. అది వదిలెయ్. ఎలక్ట్రాన్ 23తో విండోస్ 7, 8, 8.1 మూడింటినీ తీసేశారు. 22 దగ్గర ఆగితే అందులోని బ్రౌజర్ ఇంజన్ క్రోమియం కూడా 108వ వెర్షన్ దగ్గరే ఆగిపోతుంది. టౌరీకి సొంత బ్రౌజర్ ఉండదు, విండోస్‌లో వెబ్‌వ్యూ2ని వాడుకుంటుంది. విండోస్ 7కి అది 109తో ఆగింది. ఇప్పటి ఫ్లట్టర్‌కి విండోస్ 10 కావాలి. క్యూట్ 6కీ అంతే.

మిగిలేది క్యూట్ 5.15. విండోస్ 7 మీద శుభ్రంగా నడుస్తుంది. ఒకే సోర్సుని విండోస్ 7కి 5.15తో, మిగతావాటికి 6తో కట్టొచ్చు. మ్యాక్‌కి 6 వాడటమే మంచిది, ఎందుకంటే 5.15.2 అధికారిక బిల్డు ఇంటెల్‌కి మాత్రమే, ఎం1 మీద రొజెట్టాతో (ఇంటెల్ కోడుని ఎం1 మీద నడిపే ఆపిల్ సాధనం) నడవాలి. రెండు వెర్షన్లకీ పొసగాలంటే క్యూట్‌లోని పాత రెగ్‌ఎక్స్‌ప్ క్లాసునీ (మాటల నమూనాలు వెతికేది), టెక్స్ట్‌కోడెక్‌నీ (అక్షరాల ఎన్‌కోడింగ్ మార్చేది) మొదటి రోజు నుంచే ముట్టుకోకు. 6లో రెండూ అసలు లైబ్రరీలోంచి బయటికి పోయాయి. 5.15లో హై డీపీఐ స్కేలింగ్‌ను (దట్టమైన పిక్సెళ్ల తెర మీద అన్నిటినీ సరైన సైజులో చూపడం) చేత్తో ఆన్ చేయాలి, 6లో అదే ఆన్ అయి ఉంటుంది.

క్యూట్‌ని నేను ముందు పెట్టడానికి అసలు కారణం అక్షరాలు. హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజన్ దాని లోపలే ఉంది. 'వస్త్రాలయం'లో సకారం కింద తకారం, రకారం ఎలా కూర్చోవాలో ఓఎస్‌ని అడగదు, తానే లెక్క కడుతుంది. ఫాంటు నీదే వెంట పంపితే మూడు ఓఎస్‌లలోనూ ఒకేలా వస్తుంది. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సువి, ప్రోగ్రాంతో కలిపి ఇవ్వొచ్చు. నిర్మలా యూఐ తెలుగునీ ఒడియానీ బాగానే చూపిస్తుంది, కానీ అది మైక్రోసాఫ్ట్‌ది. ఆ ఫైలుని మ్యాక్‌కి మోసుకెళ్లే హక్కు నీకు లేదు. విండోస్ 7లో అది ఉండదు కూడా, విండోస్ 8తో వచ్చింది.

లైసెన్సు గురించి భయపడకు. క్యూట్‌కున్న ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద డైనమిక్ లింకు చేసి (క్యూట్ ఫైళ్లను ప్రోగ్రాంలో కలిపేయకుండా విడిగా ఉంచి), లైసెన్సు ప్రతి జతచేసి, వాడేవాడు ఆ క్యూట్ ఫైళ్లను మార్చుకునే వీలుంచితే నీ కోడు బయటపెట్టనక్కర్లేదు.


బరంపురం_షార్ప్:

మాస్టారూ, చెప్పిందంతా నిజమేగానీ ఆయన చేతిలో ఉన్నది సీ షార్ప్. క్యూట్ అంటే పన్ను లెక్క నుంచి స్టాకు రిపోర్టు దాకా సీ++లో మళ్లీ రాయాలి. 14 మిషన్ల కోసం అంత పనా?

నేనైతే ఇలా విడదీస్తాను. తెరతో, ప్రింటర్‌తో సంబంధం లేని కోడంతా ఒక లైబ్రరీలోకి లాగి, దాన్ని డాట్‌నెట్ స్టాండర్డ్ 2.0కి కట్టాలి. ఆ ఒక్క డీఎల్‌ఎల్‌ని 4.8 చదువుతుంది, డాట్‌నెట్ 8 చదువుతుంది, 10 కూడా చదువుతుంది. బిల్లు మొత్తం, రౌండాఫ్, స్టాకు కోత, కొట్టు జీఎస్టీ నంబరు 21తో (ఒడిశా కోడు) మొదలై సరుకు ఆంధ్రలోని పాతపట్నం వ్యాపారికి పంపిస్తే ఐజీఎస్టీ, రాయగడలోనే దింపితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సగాలు, ఇవన్నీ అందులోనే. డబ్బు పైసల్లో పూర్ణాంకంగా దాచాలి. ఫ్లోట్ వద్దు.

ఆ మూడు విండోస్ 7 మిషన్లకు పాత విన్‌ఫామ్స్ ముఖమే ఉంచెయ్. మిగతా పదకొండుకీ అవలోనియా. డబ్ల్యూపీఎఫ్ (మైక్రోసాఫ్ట్ విండోస్ తెరల కిట్) తెలిసినవాళ్లకు అందులో సగం తెలిసినట్టే: తెరని వర్ణించే అదే జామ్ల్ పద్ధతి, డేటాని తెరకి కట్టే అదే బైండింగ్. డబ్ల్యూపీఎఫ్ 2006 నుంచీ ఉంది, 2018లో సోర్సు కూడా తెరిచారు, అయినా విండోస్ దాటదు. అవలోనియా తన బటన్లు తానే స్కియా అనే బొమ్మలు గీసే లైబ్రరీతో గీసుకుంటుంది కాబట్టి దాటుతుంది. డాట్‌నెట్ 8 వాడితే మద్దతు 2026 నవంబరు దాకానే, అందుకని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 10తోనే మొదలుపెట్టడం నయం.

ఇందులో గుంటలు ఇవి. పాత కోడులో బిల్లు బొమ్మ గీయడానికి డాట్‌నెట్‌లోని సిస్టం డ్రాయింగ్ లైబ్రరీ వాడి ఉంటావు. డాట్‌నెట్ 7 నుంచి అది విండోస్ బయట నడవదు, మ్యాక్ మీద మొదటి బిల్లుకే 'ఈ ప్లాట్‌ఫాంలో లేదు' అని ఎక్సెప్షన్ ఇస్తుంది. సరే అని స్కియాషార్ప్‌కి (సీ షార్ప్‌లో స్కియాని వాడే లైబ్రరీ) మారి మామూలు డ్రాటెక్స్ట్ పిలిస్తే ఇంకో దెబ్బ: అది షేపింగ్ చెయ్యదు. ఒత్తులు కిందికి దిగకుండా 'స్‌త్‌ర' అని విడివిడిగా పక్కపక్కన పడతాయి. స్కియాషార్ప్ హార్ఫ్‌బజ్ ప్యాకేజీ చేర్చి అందులోని షేపర్‌తో గీయాలి. ఆ షేపర్ ఒకసారికి ఒక్క ఫాంటే తీసుకుంటుంది, కాబట్టి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు కలిసిన వరుసని ముందే లిపి మారిన చోటల్లా ముక్కలు చేసి, ఒక్కోదాని వెడల్పు కూడుకుంటూ పక్కపక్కన పెట్టాలి. ఉబుంటులో దీనికి లైనక్స్ నేటివ్ అసెట్స్ ప్యాకేజీ విడిగా కావాలి.

రెండో గుంట అకారాది క్రమం. 4.8 విండోస్ సొంత పట్టికతో పోల్చుతుంది, డాట్‌నెట్ 5 నుంచి ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో. ఒక మిషన్‌లో సార్ట్ చేసి దాచిన సరుకుల జాబితాను ఇంకో మిషన్‌లో బైనరీ సెర్చ్ చేస్తే, ఉన్న సరుకే లేదంటుంది. వెతుకులాటకు ఎప్పుడూ ఆర్డినల్ పోలిక (అక్షరాల కోడ్ నంబర్లనే నేరుగా పోల్చడం) వాడు, మనుషులకు చూపించే జాబితాకి మాత్రం భాష క్రమం. ఉబుంటులో ప్రోగ్రాం లేవకుండా ఐసీయూ దొరకలేదని ఆగిపోతే, నెట్‌లో చెప్పినట్టు ఇన్‌వేరియంట్ గ్లోబలైజేషన్ ట్రూ పెట్టేయకు. భాషా క్రమం మొత్తం పోతుంది. 22.04కి లిబ్‌ఐసీయూ70 వేస్తే సరి.


థర్మల్_రోలు:

ఫ్రేమ్‌వర్క్ ఏదైనా పెట్టుకోండి గానీ, ఈ పనిలో అసలు కష్టం ప్రింటరే. దాని గురించి ఇద్దరూ ఒక్క ముక్క చెప్పలేదు.

చాలా థర్మల్ ప్రింటర్ల లోపల ఉన్న అక్షరాల పట్టికల్లో తెలుగు ఉండదు, ఒడియా ఉండదు. యూనికోడ్ పంపితే చెత్త గుర్తులు వస్తాయి. బిల్లంతా నలుపు తెలుపు బొమ్మగా మార్చి పంపాలి. ఈ ప్రింటర్లు ఎక్కువ 203 డీపీఐ, అంటే మిల్లీమీటరుకి 8 డాట్లు. 58 కాగితంలో అచ్చు పడేది 48 మిల్లీమీటర్లే, 384 డాట్లు. 80లో 72 మిల్లీమీటర్లు, 576 డాట్లు. మీ లేఅవుట్ లెక్కంతా ఈ డాట్లలోనే ఉండాలి. తెర పిక్సెళ్లలోనో పాయింట్లలోనో లెక్కిస్తే రెటీనా మ్యాక్ మీద బిల్లు సగానికో రెండింతలకో మారుతుంది.

పంపే వరస, దశాంశంలో:
27, 64 అంటే ప్రింటర్ రీసెట్.
29, 118, 48, 0 అంటే బొమ్మ వస్తోందని చెప్పడం. వెంటనే వెడల్పు బైట్లలో: 58కి 48, 0. 80కి 72, 0. ఆ తర్వాత ఎత్తు డాట్లలో, చిన్న బైటు ముందు. ఆ వెనక డేటా.
29, 86, 0 అంటే కాగితం కోత. 58లో చాలావాటికి కత్తి ఉండదు, అక్కడ నాలుగు ఖాళీ వరుసలు తోసెయ్యండి.

బిల్లు మొత్తాన్ని ఒకే బొమ్మగా పంపకండి. చవక ప్రింటర్లలో బఫర్ నిండి సగంలో అడ్డదిడ్డంగా గుర్తులు కొడుతుంది. 200 వరుసల ముక్కలుగా కోసి, ప్రతి ముక్క ముందూ ఆ తలకట్టు పెట్టి పంపండి.

అక్షరం 24 డాట్లు, వరుస ఎత్తు 32 అని ఇంగ్లీషుకి పెట్టినట్టు పెడితే 'స్త్రీ', 'లక్ష్మి' దగ్గర కింది ఒత్తు తర్వాతి వరుస గుడిని కొడుతుంది. 40 పెట్టండి. సన్నని అక్షరాలు నలుపు తెలుపులోకి మారేటప్పుడు గీతలు తెగిపోతాయి, అందుకని సెమీబోల్డ్ వాడి, ముందు గ్రేలో గీసి, తర్వాత హద్దు పెట్టి మార్చండి. హద్దు 128 దగ్గర మొదలుపెట్టి, గీత తెగుతుంటే 160 దాకా పెంచి చూడండి. నేరుగా ఒక బిట్టు బొమ్మ మీద గీస్తే సున్నాలు చతురస్రాలవుతాయి. అచ్చు తిరగబడి నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు వస్తే బిట్లు తారుమారయ్యాయన్నమాట. ప్రింటర్‌కి 1 అంటే నలుపు.

వేగం లెక్క కూడా చూసుకోండి. 40 వరుసల బిల్లు, ఒక్కోటి 40 డాట్లు, అంటే 1,600 గీతలు. గీతకి 48 బైట్లు, మొత్తం 76,800 బైట్లు. యూఎస్‌బీలో ఇది లెక్కలోది కాదు. పాత సీరియల్ తీగ మీద 9600 బాడ్ అయితే 80 సెకన్లు! కౌంటర్ దగ్గర మనిషి వెళ్లిపోతాడు. 115200కి మార్చితే ఏడు సెకన్లలోపు.

ఓఎస్‌ల తేడా ఇక్కడే. విండోస్‌లో స్పూలర్‌కి (అచ్చు పనులను వరుసలో పెట్టి పంపే సర్వీసు) రా డేటాటైపు కింద, అంటే బైట్లు ఉన్నవి ఉన్నట్టు పంపాలి. డ్రైవర్ వీ4 రకమైతే రా పనిచెయ్యదు, ఎక్స్‌పీఎస్ పాస్ అనే డేటాటైపు అడుగుతుంది. ఆ గొడవ వద్దనుకుంటే విండోస్‌లోనే ఉండే జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ తగిలించండి. మ్యాక్, ఉబుంటు రెండింట్లోనూ ఆ పని చేసేది కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ. ఎల్‌పీ కమాండుకి రా ఆప్షన్ ఇస్తే డేటాను ముట్టుకోకుండా పంపుతుంది. ఉబుంటులో కప్స్ లేకుండా నేరుగా డివైస్ ఫైలుకి రాస్తే, వాడే మనిషి ఎల్‌పీ గ్రూపులో ఉండాలి, చేర్చాక లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. లేదంటే పర్మిషన్ లేదనే వస్తుంది.

కొత్త ప్రింటర్ కొనే కొట్టు ఏదైనా ఉంటే ఈథర్నెట్ ఉన్నదే కొనిపించండి. 9100 పోర్టుకి సాకెట్ తెరిచి బైట్లు పోయడమే, మూడు ఓఎస్‌లకీ ఒకే పది లైన్ల కోడు. ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిదన్న చర్చలో సగం ఆ తీగతోనే తీరిపోతుంది.


జయపురం_వెబ్:

టౌరీని అంత తేలిగ్గా తీసేశారేం? సైజు చిన్నది, హెచ్‌టీఎంఎల్‌లో తెర గీయడం సుళువు.


బరంపురం_షార్ప్:

సైజు చిన్నదే. కానీ మ్యాక్‌లో ఆపిల్ వెబ్‌కిట్, ఉబుంటులో వెబ్‌కిట్ జీటీకే, విండోస్‌లో క్రోమియం. మూడు ఇంజన్లు, వరుస వెడల్పు మూడు రకాలు. ఉత్త ఫారాలకు పరవాలేదు. బిల్లు బొమ్మను మాత్రం టౌరీలో వెనక పనిచేసే రస్ట్ కోడు వైపే గీయాలి, తెరని ఫొటో తీసి పంపితే కొట్టుకొక రకంగా తెగుతుంది. ఎలక్ట్రాన్‌లో ఆ బాధ లేదు, తన క్రోమియం తానే మోస్తుంది. అందుకే ఊరికే తెరిచి ఉంచినా వంద ఎంబీ దాటి తింటుంది.


పర్లాకిమిడి_మాస్టారు:

బరంపురం అబ్బాయి చెప్పిన రెండు ముఖాల పద్ధతి నాకు నచ్చింది. కోడు ఇప్పటికే సీ షార్ప్‌లో ఉంది కాబట్టి క్యూట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఇప్పటికీ అదే చెబుతా.

మూడు ఓఎస్‌లకీ పంపేటప్పుడు జరిగేవి చెబుతాను. మ్యాక్‌కి డాట్‌నెట్ పబ్లిష్ విండోస్ మీంచే చెయ్యొచ్చు, వచ్చేది ఉత్త ఫోల్డరు. యాప్ బండిల్ ఆకారం, ఇన్ఫో ప్లిస్ట్ నువ్వే కట్టాలి. విండోస్‌లో జిప్ చేసి పంపితే ఎగ్జిక్యూట్ పర్మిషన్ పోతుంది, మ్యాక్‌లో రెండుసార్లు నొక్కినా యాప్ తెరుచుకోదు. జిప్పు మ్యాక్ మీదే చెయ్యి. ఎం1 మీద సంతకం అస్సలు లేని ఆర్మ్ కోడు నడవదు, కనీసం యాడ్‌హాక్ సంతకం (సర్టిఫికెట్ లేకుండా పెట్టేది) ఉండాలి. నెట్‌లో పెట్టి అందరికీ ఇవ్వాలంటే ఆపిల్ డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు, లోపలి లైబ్రరీలకి ముందు, బయటి బండిల్‌కి తర్వాత సంతకం, హార్డెన్డ్ రన్‌టైంలో జిట్ అనుమతి (నడిచేటప్పుడే కోడు తయారుచేసుకునే హక్కు), ఆ పైన నోటరీ టూల్‌తో నోటరైజేషన్ అనే ఆపిల్ తనిఖీ, దాని రసీదుని యాప్‌కి తగిలించే స్టేపుల్. జిట్ అనుమతి మరిచిపోతే నోటరీ అంతా పచ్చగా చూపించి, యాప్ తెరవగానే కూలుతుంది.

ఒక్క మ్యాక్ మినీ కోసం ఇదంతా దండగ. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి కాపీ చెయ్. బ్రౌజర్ డౌన్‌లోడ్‌కి తగిలించే క్వారంటైన్ గుర్తు మామూలుగా దానికి తగలదు. ఎక్కడైనా అడ్డుపడితే సిస్టం సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీకి వెళ్లి ఓపెన్ ఎనీవే నొక్కాలి. కంట్రోల్ క్లిక్‌తో తెరిచే పాత చిట్కా మ్యాక్‌ఓఎస్ సెకోయా వెర్షన్ నుంచి లేదు.

డేటా ఫైలుని ప్రోగ్రాం పక్కనే పెట్టే అలవాటు మానుకో. విండోస్‌లో యాప్‌డేటా, మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్, ఉబుంటులో హోం కింద డాట్ లోకల్ షేర్. ఐకాన్ ఫైళ్ల పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా విండోస్ పట్టించుకోదు, ఉబుంటు పట్టించుకుంటుంది. అక్కడ బొమ్మలు కనబడకపోతే ముందు అది చూడు.

కరెంటు సంగతి: ఎస్‌క్యూలైట్ వాల్ మోడ్‌లో (మార్పులను ముందు పక్క ఫైలులో రాసే పద్ధతి) సింక్రనస్ నార్మల్ అని ఉంటే ఫైలు చెడదు గానీ చివరి బిల్లు పోవచ్చు. ఫుల్ పెట్టు. నెట్‌వర్క్ షేర్ ఫోల్డరులో వాల్ మోడ్ పనిచెయ్యదు, కాబట్టి రెండు కౌంటర్లు ఒకే ఫైలు తెరిచే ఏర్పాటు చెయ్యకు.


రాయగడ_బిల్లు:

అందరికీ దండాలు. అవలోనియా, స్టాండర్డ్ 2.0 దారినే వెళ్తాను. ఈథర్నెట్ ప్రింటర్ మాట ఓనర్లకు చెబుతాను. ఒక్కటి మిగిలింది: ఉబుంటులో ఒడియాలో 'శాఢీ' అని ఎక్కించిన సరుకు, అదే డేటా విండోస్‌కి తెచ్చి వెతికితే దొరకడం లేదు. తెర మీద రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.


థర్మల్_రోలు:

ఆ మాటలో ఢ కింద చుక్క ఉంది కదా, అదే. ఒడియాలో ఆ చుక్క అక్షరాన్ని ఒకే కోడ్‌పాయింట్‌గా రాయొచ్చు, ఢ, చుక్క అని రెండుగానూ రాయొచ్చు. ఒక కీబోర్డు ఒకలా ఎక్కిస్తుంది, ఇంకోటి ఇంకోలా. కంటికి ఒకటే, ఆర్డినల్ పోలికకి రెండు వేర్వేరు సరుకులు. తెలుగులో ఐత్వానికీ ఇదే తంతు, కాకపోతే అది విడిపోయి రావడం అరుదు.

దాచేటప్పుడూ, వెతికేటప్పుడూ రెండు చోట్లా ఎన్‌ఎఫ్‌సీకి (యూనికోడ్ పెట్టిన ఒకే ప్రామాణిక రూపం) నార్మలైజ్ చెయ్యండి. ఒక తమాషా: ఎన్‌ఎఫ్‌సీ అంటే అన్నీ కలిసిపోతాయనుకుంటారు, ఒడియా చుక్క అక్షరాలకు మాత్రం తిరగేసి, అది విడదీసే ఉంచుతుంది. పరవాలేదు, రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు. 'సిల్క్‌శారీ' లాంటి మాటల మధ్య కనబడకుండా ఉండి అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని ఎన్‌ఎఫ్‌సీ తీయదు. అందుకని పేరు కాలమ్ అలాగే ఉంచి, పక్కన వెతుకులాట కాలమ్ ఒకటి పెట్టి, అందులో ఆ గుర్తు తీసేసి దాచండి. అచ్చుకి మాత్రం అసలు పేరే పంపండి, లేకపోతే క కింద శ ఒత్తు పడుతుంది.

పాత డేటాని సరిచేసే ముందు ఒక పని. కొత్త కాలమ్ నింపాక దాని మీద గ్రూప్ బై వేసి, ఒకటి కంటే ఎక్కువ వరుసలు వచ్చినవి చూడండి. అదే చీర రెండు సరుకులుగా ఎక్కి, స్టాకు రెండు చోట్ల ఉండి ఉంటుంది. పాత బిల్లుల్లోని సరుకు ఐడీని ఒకదానికి మార్చి, రెండు స్టాకులూ కూడి, రెండోది తీసేసిన తర్వాతే యూనిక్ ఇండెక్స్ పెట్టండి. ముందే పెడితే ఇండెక్స్ కట్టే దగ్గరే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.